నా మీద కప్పాల్సిన జానమాజు

నవంబరు 4, మంగళవారం

కోడలు నూర్దాన్ రాస్తోంది, ఉమ్మూహాన్ అనే నేను చెబుతున్నాను. నాకు అక్షరం ముక్క రాదు. చెప్పింది చెప్పినట్టు రాయమన్నాను, నా మాటల్ని నున్నగా చెక్కొద్దన్నాను. ఇది ముఫ్తీ ఆఫీసుకి కాదు, ఊళ్లోవాళ్లు చదవడానికి కాదు. నాకు. సమాధిలో ప్రశ్నలడిగే దేవదూతలు వచ్చినప్పుడు నా వాదన నా దగ్గర సిద్ధంగా ఉండాలి. ఈ వయసులో జ్ఞాపకాన్ని నమ్ముకుని అంత దూరం వెళ్లలేను.

సంగతి ఇది. మసీదులో ఫ్యాక్టరీ తివాచీ వేస్తారట. ఈ గోడ నుంచి ఆ గోడ దాకా ఒకటే ముక్క, ఎర్రది. మగవాళ్లు తేల్చేశారు. దానికి బదులుగా ఇప్పుడు మసీదులో పరిచి ఉన్న పాత జానమాజులన్నీ, నమాజు చేసుకునే చేనేత చిన్న తివాచీలన్నీ, ఇజ్మీర్ పట్నం నుంచి ఫెరిదూన్ అనే ఆయన వచ్చి లారీలో వేసుకుపోతాడు. పాత జానమాజులు పోగుచేసి, ఇళ్లలో పెట్టుకునే సరదా ఉన్నవాళ్లకి అమ్మడం ఆయన పని.

మసీదులో ఉన్నవి ఎవరివి? పోయినవాళ్లవి. మా ఊళ్లో మనిషి పోతే ఆ ఇంటి జానమాజు ఒకటి శవపేటిక మీద కప్పి మోసుకెళ్తారు. మనిషిని మట్టిలో పెడతారు, జానమాజుని మసీదులో పెడతారు. అది వక్ఫు, దేవుడి పేరు మీద ఇచ్చేసినది. ఇక ఇంటికి రాదు. ఎవరూ రమ్మనరు కూడా.

అందులో నాది ఒకటుంది. నేనింకా పోలేదు.

పెళ్లికి ముందు మా అమ్మ మగ్గం మీద నా చేత్తో నేసుకున్నాను. నడుమ ఇటుక రంగు. పైన మెహరాబు, నమాజు దిక్కు చూపే కమాను, మెడ దగ్గర నొక్కినట్టుండి తల పైకి తేలినట్టు ఉంటుంది, మా వైపు నేసే రకం. నా పేటిక మీదకని పెట్టెలో దాచుకున్నాను. ఎడమ అంచులో పసుపూ కుడి అంచులో పసుపూ ఒకటి కాదు. ఎందుకు కాదో ఇక్కడ అనవసరం.

మా ఆయన ఇద్రీస్ పోయిన రోజున కోడలు పెట్టె తెరిచి దాన్ని తీసింది. తియ్యాల్సింది ఆయన తల్లి నేసిన వంకాయ రంగుది. పక్కనే ఉంది. నేను ఏడుస్తూ ఉన్నాను, చూసుకోలేదు. చూసుకునేసరికి నా జానమాజు ఆయన్ని కప్పుకుని వీధి మలుపు తిరిగింది.

ఈ మాట కోడలే రాయాలి. రాసింది. చదివించుకున్నాను. "తప్పు తీసింది" అని ఉంది. సరే.

నా వాదన ఇంతే. వక్ఫు కావాలంటే వస్తువు ఎవరిదో వాళ్లు ఇవ్వాలి. నేను ఇవ్వలేదు.

నవంబరు 5, బుధవారం

ఇమాము దగ్గరికి వెళ్లాం. వయసు తక్కువ, నల్లసముద్రం వైపువాడు, మా ఊరి నీళ్లు ఇంకా పడలేదు. ముక్కు తుడుచుకుంటూ విన్నాడు.

"అమ్మా, వక్ఫు చేసింది వెనక్కి తీసుకోవడం కుదరదు."

"చేసిందెవరు?"

"మీ ఇంటివాళ్లు."

"మా ఇంటివాళ్లు నా పన్ను ఊడబెరికి తెచ్చిచ్చినా వక్ఫేనా?"

"పన్ను సంగతి చూసి చెప్పాలి" అన్నాడు. నవ్వడానికి అనలేదు. ఆ ఒక్కందుకు అతని మీద నాకు గురి కుదిరింది.

"వెనక్కి తీసుకోకూడదంటావు. మరి ఇజ్మీర్ ఆయనకి ఎలా ఇస్తున్నారు?"

"ఇవ్వడం కాదమ్మా, మార్చడం. వక్ఫు వస్తువుని మసీదుకి అంతకంటే అక్కరకొచ్చే దానితో మార్చొచ్చు."

"అయితే నాకూ మార్చు. మా అత్తగారిది తెచ్చిస్తాను."

"మసీదుకి ఇప్పుడు జానమాజులు అక్కర్లేదు కదమ్మా. కింద నేలంతా తివాచీ వచ్చేస్తోంది."

తుమ్మాడు, ముక్కు తుడుచుకున్నాడు. అప్పుడు అన్నాడు, పొరపాటున వచ్చిందని ఆ తీసిన మనిషే పెద్దల ముందు ఒట్టేసి చెబితే అది వక్ఫే కాదట. వచ్చిన దారినే వెళ్లిపోవచ్చట.

"ఆ మనిషి మా ఇంట్లోనే ఉంది. చెబుతుంది" అన్నాను.

దారిలో కోడలికి చెప్పాను, ఒట్టేసి చెప్పాలి, రెండు ముక్కలు, అంతే అని. పొయ్యి మీద సూప్ మాడుతుందేమో అంది. పొయ్యి మీద ఏమీ లేదు.

నవంబరు 7, శుక్రవారం

నా జానమాజు ఉందో లేదో చూసుకుందామని మసీదుకి వెళ్లి పైన ఆడవాళ్ల అంతస్తులో కూర్చున్నాను. అక్కణ్ణుంచి కింద అంతా కనిపిస్తుంది. మాది మూడో వరసలో, స్తంభం పక్కన. దాని మీద కసాయి ఎమిన్ మోకాళ్లు పెడతాడు. చాలా బరువైన మనిషి.

బెకిర్ టేపు పట్టుకుని కింద కొలుస్తున్నాడు. ఊరి పెద్ద అతనే, మా ఆయనకి అన్న కొడుకు. కొత్త తివాచీకి కొలతలు. పైన చెక్క పలకలు, సందుల్లోంచి చలిగాలి, రంజానులో ఆడవాళ్లందరం ఇంటి నుంచి మేకతోళ్లు మోసుకొచ్చి వేసుకుంటాం. బెకిర్ మెట్ల దాకా కొలిచి, టేపు చుట్టేసి జేబులో పెట్టుకున్నాడు. పైకి రాలేదు. నన్నెవరూ అడగలేదు.

కిందికి దిగి అతనితో నా సంగతి చెప్పాను.

"పిన్నీ, నీకొకటి ఇస్తే రేపు ప్రతి గుమ్మం నుంచీ ఒకరొస్తారు. మా నాన్నది, మా తాతది అని. తివాచీ రాదు, లారీ ఖాళీగా పోతుంది, మనం రాతి నేల మీద మొక్కుకోవాలి."

"వాళ్ల నాన్నలు పోయారు. నేను పోలేదు. అదీ తేడా."

"ఇది తేడా అని నేనెక్కడ రాయను?"

"నువ్వు రాయక్కర్లేదు. రాసే మనిషి నాకుంది."

నవంబరు 8, శనివారం

వాన. ఆలివ్‌లు రాల్చలేదు. మోకాళ్లు.

నవంబరు 10, సోమవారం

ఫెరిదూన్ మా ఇంటికి వచ్చాడు. మా ఇంట్లో పాత జానమాజులు ఉన్నాయని కాఫీ హోటల్లో ఎవరో చెప్పారట. ఎవరో కాదు, మా అబ్బాయి రెజెప్.

గుమ్మంలో బూట్లు విప్పాడు. నేల మీద పరిచినవాటిని తొక్కకుండా గోడ వారగా నడిచాడు. ఈ ఒక్కటీ అతని వైపు రాయమన్నాను. తర్వాత మోకాళ్ల మీద కూర్చుని ఒక్కోదాని మూల తిప్పి వెనక వైపు చూశాడు. ముందు మొహం చూడలేదు. పెళ్లిచూపులకొచ్చి పిల్ల వీపు చూసినట్టుంది.

"ఇవన్నీ మీరు పోగుచేసినవేనా అమ్మా?"

"పోగుచెయ్యలేదు. వచ్చాయి."

"ఎలా వచ్చాయి?"

చెప్పాను. అది ఫాత్మా నేసింది, కొడుకులు పొగాకు బేళ్ల మీద కప్పారు, దుప్పటి ఇచ్చి తెచ్చాను. ఇది గుడ్డి సుల్తాన్‌ది, చూపున్నప్పుడు నేసింది, కుక్క ఈనింది దీని మీద, జున్ను ఇచ్చి తెచ్చాను. ఆ ఆకుపచ్చది ఎల్మాస్‌ది, మా అమ్మకంటే పెద్దది ఆవిడ. నీళ్ల మోటారు మీద కప్పి ఉంటే పాలిచ్చే మేకని ఇచ్చి తెచ్చాను. ఆ మేక సంగతి మా ఇంట్లో ఇప్పటికీ ఎత్తుతారు.

ఆకుపచ్చది చూశాక అతను మిగతావాటిని చూడలేదు. మా మెహరాబులన్నీ ఎరుపు, ఇటుక. ఎల్మాస్ ఒక్కతే ఆకుపచ్చ వేసింది. ఎక్కణ్ణుంచి తెచ్చిందో, ఎవరికీ చెప్పకుండానే పోయింది.

"ఇవి కొన్నవాళ్లు ఏం చేసుకుంటారు?" అని అడిగాను.

"ఇంట్లో గోడకి వేలాడదీస్తారమ్మా. సోఫా పైన. మీద పడేట్టు చిన్న దీపం పెడతారు."

"మరి నమాజు దేని మీద చేస్తారు?"

"చాలామంది చెయ్యరమ్మా."

"గోడ మీద మెహరాబు ఎటు ఉంటుంది?"

"పైకి."

"పైకైతే పరవాలేదు" అన్నాను. "కిందికి మాత్రం పెట్టనివ్వకు."

ఆకుపచ్చది అమ్ముతారా అన్నాడు. లేదన్నాను. ఇప్పుడు కాకపోయినా ఎప్పుడైనా అన్నాడు. ఎప్పుడైనా కూడా లేదన్నాను.

మసీదులో నా జానమాజు సంగతి చెబితే వెంటనే గుర్తుపట్టాడు. "రెండు పసుపులున్నదేనా? అంత పాతది కాదు గానీ నాకు బాగా నచ్చింది."

"పాతది కాదా? నేసినదాన్ని నన్ను చూస్తున్నావుగా."

నవ్వాడు. "కుడి పసుపు మామూలుదేనమ్మా. ఎడమది మాత్రం కొండ మీద మొలిచే మొక్కది, మరీ పైన ఉంటుంది. రంగు అయిపోతే ఎవరో కొండెక్కి ఉంటారు."

"కాఫీ చల్లారుతోంది" అన్నాను.

నవంబరు 11, మంగళవారం

రెజెప్ నోరు విప్పాడు.

"అమ్మా, పడుకునేచోట మెహరాబు. బూట్లు విప్పేచోట మెహరాబు. ఇంట్లో కాళ్లు ఎటు చాపాలన్నా భయం. ఇన్ని పెట్టుకుని ఆ ఒక్కదాని కోసం ఊరంతా తిరుగుతావేంటి? వీటిలో ఒకటి కప్పుకుని పోవచ్చుగా."

"నువ్వు నీ పెళ్లానికి బదులు పక్కింటావిడతో పోతావా?"

"అది వేరు."

"వేరు కాదు. వాళ్లవి వాళ్లు తమ కోసం నేసుకున్నారు. వాళ్ల ఇళ్లవాళ్లు మోటారు మీద వేశారు, అది వాళ్ల ఖర్మ. ఇంకో ఆడదాని మెహరాబు కింద దాక్కుని నేను వెళ్లను. అక్కడ ఎల్మాస్ ఎదురొస్తే ఏం చెప్పను?"

"మరి ఎందుకు పోగేస్తున్నావు?"

నేను పోగేసేదాన్ని కాదు. ఈ మాట స్పష్టంగా రాయమన్నాను. పోగేసేవాడు ఫెరిదూన్. నేను దారిలో కనబడినదాన్ని వదల్లేక తెస్తాను, అంతే.

ఇవాళ మా వీధిలో హవ్వా వాళ్ల కోళ్లగూట్లోంచి ఒకటి తెచ్చాను. సగమే ఉంది, పై సగం. మెహరాబు ఉంది కాబట్టి చాలు. ఉతికి ఆరేశాను. ఇంక తేను.

నవంబరు 13, గురువారం

రేపు మధ్యాహ్నం నమాజు తర్వాత పెద్దల ముందు మాట్లాడాలి. కోడలు ఏమనాలో చెప్పాను. "పెట్టెలోంచి తప్పుది తీశాను." అంతే. ఎక్కువ మాట్లాడొద్దన్నాను.

ఇది రాస్తూ పెన్ను రెండుసార్లు ఆపింది. చలి వల్ల.

నవంబరు 14, శుక్రవారం

మసీదు వాకిట్లో, కాళ్లు కడుక్కునే పంపుల దగ్గర. ఇమాము, బెకిర్, కసాయి ఎమిన్, ఇంకా కాఫీ హోటలుకి పోబోతూ ఆగినవాళ్లు. ఫెరిదూన్ కూడా ఒక పక్కన నిలబడ్డాడు. కోడలి చేతులు ఆలివ్‌లతో నల్లగా ఉన్నాయి, కడుక్కోలేదు.

ఇమాము అడిగాడు, "చెల్లెమ్మా, ఆ జానమాజుని పొరపాటున తీశావా?"

కోడలు నేల చూసింది.

"లేదు" అంది.

నేననుకున్నాను, మొదట లేదని తర్వాత అవునంటుంది, కొంతమంది అలాగే మొదలుపెడతారు.

"పొరపాటు కాదు. మామయ్య అడిగారు. పోయే ముందు వారం, అత్తయ్య తోటకి వెళ్లినప్పుడు. నా మీద ఉమ్మూహాన్‌ది వెయ్యి అన్నారు. నేను వేశాను."

బెకిర్ దగ్గాడు. ఎమిన్ తన మోకాళ్లు చూసుకున్నాడు. నేను కోడలి వంక చూశాను, తను నా వంక చూడలేదు. ఒట్టేసి అబద్ధం చెప్పదు. కాపురానికి వచ్చినప్పుడు నేనే అలా నేర్పాను. ఆ సంగతీ రాయమన్నాను.

"అయితే తేలిపోయింది" అన్నాడు బెకిర్.

"ఏం తేలింది?" అన్నాను. "వస్తువు ఆయనదా? నన్నడగకుండా నాది తీసుకుపొమ్మనడానికి ఆయనెవరు? బతికున్నప్పుడూ ఇదే పని. నా కత్తెరతో గుర్రం జూలు కత్తిరించాడు."

ఇమాము గడ్డం కింద చెయ్యి పెట్టుకున్నాడు. "అమ్మ చెప్పింది నిజం. ఇద్రీస్ బాబాయికి తనది కానిదాన్ని ఇచ్చే హక్కు లేదు. అమ్మా, అది మీదే. ఇక్కడ అందరి ముందూ 'ఆయనకి నేనివ్వలేదు' అనండి. ఇప్పుడే తెచ్చి మీ భుజం మీద వేస్తాను."

బెకిర్ ఏదో అనబోయాడు. ఇమాము చెయ్యి చూపించి ఆపాడు. నల్లసముద్రం వాళ్లలో అంత ధైర్యం ఉంటుందనుకోలేదు.

అందరూ నా నోరు చూస్తున్నారు. రెండు ముక్కల మాట. పది రోజులుగా ఇంటా బయటా అదే అంటున్నాను.

లారీలోకి ఎప్పుడు ఎత్తుతారని అడిగాను. బుధవారం అన్నారు. అప్పుడు చెబుతాను అన్నాను.

నవంబరు 15, శనివారం

కోడలితో మాట్లాడటం లేదు. ఈ మాట కూడా తనే రాస్తోంది.

నవంబరు 16, ఆదివారం

నిన్నటిలాగే.

నవంబరు 17, సోమవారం

ఆలివ్ చెట్టు కింద వల పరుస్తూ అడిగాను. కోడలు అటు కొస పట్టుకుంది, నేను ఇటు కొస.

"సరిగ్గా ఏమన్నాడు?"

"చెప్పాగా అత్తయ్యా."

"అంతా చెప్పలేదు. ఆయన ఒక్క మాటతో ఆపే మనిషి కాదు."

వల సరిచేసి చెప్పింది. "నా మీద ఆవిడది వెయ్యి అన్నారు. అత్తయ్యని అడగండి మామయ్యా అన్నాను. అడిగితే ఇవ్వదు, అన్నారు. పోయాక తిడుతుంది మామయ్యా అన్నాను. తిట్టనీ, ఆ తిట్లు వినబడుతుంటే ఇంట్లో ఉన్నట్టే ఉంటుంది అన్నారు."

నేను రాల్చే కర్ర తీసుకున్నాను.

"ఇంకేమన్నాడు?"

"ఎడమ అంచు నాది అన్నారు. అది నాకు అర్థం కాలేదు."

కోడలికి అర్థం కాదు. ఎవరికీ అర్థం కాదు. మా అమ్మ మగ్గం మీద పసుపు దారం అయిపోయినప్పుడు కొండ మీద ఆ మొక్క ఉందని ఎవరో అంటే, ఎవరూ అడక్కుండా ఒకడు పొద్దున్నే వెళ్లి కాలు బెణికించుకుని మోపు తెచ్చి మా గోడ మీంచి పడేసి పోయాడు. వేరే రంగు వచ్చింది. జానమాజు పాడైందని నేను తిట్టాను. మోపు ఎవరు పడేశారో తెలియనట్టు తిట్టాను. గోడ అవతల నిలబడి విన్నాడు. ఆ తర్వాత పెళ్లి చేసుకున్నాడు.

రోజంతా ఆలివ్‌లు రాల్చాం. నేను మాట్లాడకుండా ఉండటం ఇంక మానేశాను. ఆ చెట్టు సరిగ్గా రాల్చలేదని కోడలికి చెప్పాను.

నవంబరు 19, బుధవారం

లారీ వచ్చింది. జానమాజులన్నీ వాకిట్లోకి తెచ్చి గుట్ట వేశారు. కొత్త తివాచీ చుట్ట గోడకి ఆనించి ఉంది. ఎర్రగా, కొత్త బకెట్ వాసనతో.

ఇమాము నా దగ్గరికి వచ్చాడు. జలుబు తగ్గింది. "చెప్పండి అమ్మా."

"ఇచ్చాను" అన్నాను.

"ఆయనకేనా?"

"మరి ఎవరికి? అడిగితే ఇచ్చేదాన్ని కాదు. అడగలేదు కాబట్టి ఇచ్చాను. ఇక అది వక్ఫు."

బెకిర్ ఊపిరి పీల్చుకుని లారీ వాడికి సైగ చేశాడు.

"ఆగు" అన్నాను. "మసీదుకి ఇచ్చాను. సోఫాకి కాదు. బెకిర్, పైన ఎంత కొలత వచ్చింది?"

"ఏ పైన?"

"ఆడవాళ్ల పైన."

బెకిర్ మెట్ల వంక చూశాడు. ఇమాము బెకిర్ వంక చూశాడు. కసాయి ఎమిన్ తివాచీ చుట్ట వంక చూశాడు, అది పెరుగుతుందేమో అన్నట్టు.

"పిన్నీ, ఆ రోజు నువ్వు పైనే కూర్చున్నావుగా. చెప్పొచ్చుగా."

"టేపు నీ చేతిలో ఉంది."

ఇమాముతో అన్నాను, మసీదుకి జానమాజులు అక్కర్లేదన్నావు, పైన అక్కర ఉంది. అతను ఒప్పుకున్నాడు. బెకిర్ కూడా ఒప్పుకున్నాడు. కానీ గుట్ట మొత్తానికి మాట అయిపోయింది, తివాచీ కోసి దించేశారు, ఫెరిదూన్ ఒప్పుకోవాలి అన్నాడు. ఫెరిదూన్ తల గోక్కున్నాడు. పైన నేల నిండేన్ని తీసేస్తే తనకి మిగిలేది పెద్దగా ఏమీ ఉండదన్నాడు. అతను చెప్పింది నిజమే.

నేను ఇంటికి వెళ్లాను. కోడలు నా వెంట వచ్చింది. ఎల్మాస్ ఆకుపచ్చది మడత పెడుతుంటే రెజెప్ గుమ్మంలోంచి చూశాడు. "మేక పోయింది" అన్నాడు.

తెచ్చి ఫెరిదూన్ చేతుల్లో పెట్టాను. ఈసారి అతను మూల తిప్పి చూడలేదు.

"పైకి" అన్నాను. "మెహరాబు పైకి. అమ్మేటప్పుడు ఆ ముక్క చెప్పి అమ్ము. నేసినావిడ పేరు ఎల్మాస్. ఆ ముక్క కూడా."

చెబుతానన్నాడు. చెబుతాడో లేదో తెలియదు. నేలమీద వాటిని తొక్కలేదు కాబట్టి చెబుతాడనే అనుకుంటున్నాను.

నవంబరు 21, శుక్రవారం

మగవాళ్లు కింద ఎర్ర తివాచీ మీద నిలబడ్డారు. జారుతోందట. పైన మేము. ఊళ్లో ఆడవాళ్లు శుక్రవారం మసీదుకి రారు, ఇవాళ అందరూ వచ్చారు. నమాజు కంటే ముందు తగువు. "ఇది మా అమ్మది, నువ్వు లే." "మీ అమ్మది అటు, ఇది మా అత్తది, ఈ కాఫీ మచ్చ నేను పెట్టిందే." హవ్వా తన కోళ్లగూట్లోని సగం ముక్క కూడా ఇక్కడికి తెమ్మంది. తీసుకుపోయేటప్పుడు నోరెత్తలేదు, ఇప్పుడు కావాలి. తెస్తానన్నాను.

నాది కిటికీ పక్కన వేయించాను. స్తంభం పక్కన కాదు. ఎమిన్ మోకాళ్ల గుంటలు రెండూ అలాగే ఉన్నాయి, వాటిలో నా మోకాళ్లు పెట్టాను, కుదిరాయి. నుదురు ఆనించేచోట ఎడమ అంచు కనిపిస్తుంది. ఇన్నేళ్లలో ఇంత దగ్గర నుంచి చూడలేదు. పాడవలేదు. ఈ మాట ఆయనకి చెప్పను.

ఇంటికొచ్చి పెట్టె తెరిచి కోడలికి చూపించాను. వంకాయ రంగుది, ఆయన తల్లిది.

"నా మీద ఇది" అన్నాను. "ఈ రంగు నాకెప్పుడూ నచ్చలేదు. అది ఆయనకి తెలుసు. నన్ను దాంతో చూసి ఏమంటాడో వినాలి."

"అలాగే అత్తయ్యా. ఇది తప్ప వేరేది తియ్యను."

"ఒకవేళ ఏడుస్తూ తడుముకుని వేరేది తీశావే అనుకో, ఎవరైనా అడిగితే అత్తయ్యే అడిగింది అని చెప్పు. ఒట్టెయ్యమంటే ఎయ్యి. ఇప్పుడు అన్నాను కాబట్టి అబద్ధం కాదు."

రాసింది. చదివించుకున్నాను. మొదటి రోజు రాసినది కూడా తెరిచి "తప్పు తీసింది" అన్నచోట కొట్టేయమన్నాను.

కొట్టేసింది.